గడియారం ముందు ఆగినట్టే మిగతా చోట్లా ఆగనివ్వండి: సాలార్‌జంగ్ మ్యూజియం పాలకమండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాలార్‌జంగ్ మ్యూజియం బోర్డు సభ్యులకు, డైరెక్టర్ గారికి, విద్యావిభాగంలోనూ గ్యాలరీల్లోనూ పనిచేస్తున్న ఉద్యోగులందరికీ నమస్కారం.

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పిల్లల్ని వెంటబెట్టుకుని మీ మ్యూజియానికి వస్తూ ఉండేవాణ్ణి. ఇప్పుడు మనవళ్ళతో వస్తున్నాను. వచ్చే వేసవిలో మీరు జరపబోయే కార్యక్రమాల గురించి ఒక విన్నపం ఉంది. నేరుగా మీ ఆఫీసుకే పంపవచ్చు. కానీ నేను అడిగే పనికి ఉపాధ్యాయులు, ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు, పాతబస్తీ పనివాళ్ళు కూడా తోడు రావాలి. వాళ్ళ కంట కూడా పడాలని దీన్ని బహిరంగంగా రాస్తున్నాను.

వేసవి జనం సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఏప్రిల్ చివరి వారంలో బడులు మూసింది మొదలు జూన్ రెండో వారంలో తెరిచేదాకా జిల్లాల నుంచి కుటుంబాలు వస్తూనే ఉంటాయి. సూర్యాపేట నుంచో వనపర్తి నుంచో పొద్దున్నే ఇమ్లీబన్‌లో బస్సు దిగుతారు. ఎండ ముదరకముందే జూ పార్కు, చార్మినార్, లాడ్‌బజార్‌లో గాజులు. మిట్టమధ్యాహ్నం నీడ పట్టున గడిపే చోటు కావాలి కాబట్టి మీ మ్యూజియం. సాయంత్రం బస్సు అందుకోవాలి. చేతిలో ఉన్న రెండు గంటల్లో ముప్పై ఎనిమిది గ్యాలరీలు తిరగాలని చూస్తారు. చంటిపిల్ల చంకలో నిద్రపోతూ ఉంటుంది, పెద్దవాడు ముందు పరుగెడుతూ ఉంటాడు, వాణ్ణి పిలుస్తూ తల్లి వెనకాల నడుస్తూ ఉంటుంది. దంతపు కుర్చీలు, పచ్చరాతి పిడికత్తులు, చైనా పింగాణీ, జపాన్ పట్టు, అన్నీ పక్కనుంచి వెళ్ళిపోతాయి. ఇంటికి వెళ్ళాక ఏం చూశారని అడిగితే "చాలా ఉన్నయి సార్" అంటారు.

ఆ నడక ఒక్కచోట మాత్రం ఆగుతుంది. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ దగ్గర కొన్న ఆ గడియారం ముందు. గంట కావస్తోందనగానే అన్ని గ్యాలరీల నుంచి జనం అక్కడికే చేరతారు. గడ్డం బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. ఇంకోపక్క సుత్తి పట్టుకున్న చిన్న కమ్మరి సెకండ్లు కొడుతూనే ఉంటాడు. పన్నెండింటికైతే కూర్చునే చోటు దొరకదు. తండ్రుల భుజాల మీద పిల్లలు, వెనక వరుసలో మునివేళ్ళ మీద నిలబడ్డ పెద్దవాళ్ళు, అందరూ పైకే లెక్కపెడుతూ ఉంటారు. పల్లెటూరి వాళ్ళకు, పిల్లలకు ఓపిక ఉండదని, బొమ్మలు చూడటం వాళ్ళకు చేతకాదని అనే చదువుకున్నవాళ్ళను తీసుకొచ్చి ఆ జనంలో నిలబెట్టాలనిపిస్తుంది నాకు. అరగంట ముందే వచ్చి చోటు పట్టుకుని, ఒకే ఒక్క వస్తువును కళ్ళార్పకుండా చూస్తున్నారు వాళ్ళు.

అక్కడ ఎందుకు ఆగుతున్నారో నిదానంగా గమనించాను. ఆ గడియారానికి ఒక వేళ ఉంది. దాని ముందు కూర్చునే చోటు ఉంది. ఏదో జరగబోతోందని అందరికీ ముందే తెలుసు. మిగతా కళాఖండాల్లో వేటికీ ఈ మూడూ లేవు. వచ్చే వేసవిలో మొదలుపెట్టి, ఏటికేడు పెంచుకుంటూ కనీసం ఓ పది వస్తువులకు ఈ మూడూ కల్పించండి. నా విన్నపం ఇంతే. ఇక రాయబోయేదంతా దాని వివరమే.

ప్రతి గంటా గడియారం మోగాక ఆ జనం చెదిరిపోతారు. చెదిరిపోకముందే ఒకరు ముందుకొచ్చి, "ఇప్పుడు రెబెక్కా దగ్గరికి వెళ్తున్నాం, పావుగంట, తెలుగులో, రండి" అని పిలవాలి. పక్కన ఇంకొకరు ఉర్దూలో ఇంకో వస్తువు దగ్గరికి పిలవాలి. ఇరవై మందికి మించకూడదు. ఒకరు, ఒక వస్తువు, పావుగంట. మళ్ళీ గంటకు మళ్ళీ అలాగే. ఏ గంటకు ఏ వస్తువు దగ్గర మాట్లాడతారో టికెట్ల కౌంటర్ దగ్గరే పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి. దీనికి వేరే టికెట్ వద్దు. ఐదుగురున్న ఇంట్లో తలా ఇంత అని అదనంగా అడిగితే ఆ తండ్రి మొదట మానుకునేది దీన్నే.

పావుగంటలో ఏం చెప్పగలరని అడగవచ్చు. మేలిముసుగు రెబెక్కానే తీసుకోండి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ పాలరాతి బొమ్మను 1876లో యూరప్ వెళ్ళిన నిజాం దివాను (ప్రధానమంత్రి) మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీఖాన్, రోమ్‌లో కొన్నాడు. పేరు, ఊరు, సంవత్సరం పలక మీద ఉంటాయి. ఎదురుగా నిలబడ్డ పిల్లకు వచ్చే సందేహం వేరు: "బొమ్మ మీద బట్ట కప్పారా?" ఆ ప్రశ్న వచ్చేదాకా ఆగగలిగిన మనిషి కావాలి అక్కడ. వచ్చాక కూడా జవాబు వెంటనే చెప్పకూడదు. చుట్టూ తిరిగి చూసిరమ్మనాలి. ముక్కు మీద ముసుగు ఎలా బిగిసి ఉంది, గడ్డం కింద ఎలా వదులయింది, మడత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, వెలుగు పడినచోట ఏమవుతోంది? కాసేపటికి ఏదో ఒక పిల్ల తనంతట తనే అంటుంది, బట్టా మొహమూ ఒకటే రాయని. బైబిల్ కథ అప్పుడు చెప్పాలి. పెళ్ళి కోసం దూరదేశం నుంచి ఒంటె మీద వస్తున్న రెబెక్కా, ఎదురొస్తున్న ఇస్సాకును చూసి ఒంటె దిగి ముసుగు వేసుకున్న క్షణం అది. అత్తవారింటికి పోయే కొత్త పెళ్ళికూతురి బెరుకు ఎలా ఉంటుందో మన తల్లులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ ఒక్క ముక్క చెబితే చాలు, చంటిపిల్లను ఎత్తుకుని వెనక నిలబడ్డావిడ ముందుకు వస్తుంది.

ఒకే దుంగలో ముందు మెఫిస్టోఫిలిస్ అనే సైతానును, వెనక మార్గరెట్టా అనే అమ్మాయిని చెక్కిన బొమ్మ దగ్గరా అంతే. వెనక ఉన్న అద్దం అలంకారానికి పెట్టిందనుకుని ముందువైపు చూసి వెళ్ళిపోయేవాళ్ళను చాలామందిని చూశాను. ఎదురుగా ఛాతీ విరుచుకుని నిలబడ్డ మనిషి, అద్దంలో తలవంచుకున్న అమ్మాయి. "ఇద్దరూ ఎక్కడ కలిశారో వెతకండి" అంటే చాలు, పిల్లలు భుజాల దగ్గర, బట్టల అంచుల దగ్గర వెతకడం మొదలుపెడతారు. జర్మన్ కవి గేటే నాటకంలోని ఆ ఇద్దరి కథ పెద్దవాళ్ళకు చెప్పుకోవచ్చు. పిల్లలకు వెతకడమే చాలు.

ఇక బిద్రీ, అంటే నల్లటి లోహంలో వెండి పొదిగే పని. మీ గ్యాలరీలన్నిటిలో నా మనసు చిక్కుకున్నది అక్కడే, కాస్త ఎక్కువ రాస్తే మన్నించండి. హుక్కా పాత్రలు, పాన్‌దాన్లు, పళ్ళేలు, నల్లటి ఒంటి మీద వెండి తీగలు. అద్దం వెనక ఉన్నంతసేపూ అవి నవాబుల ఇంటి సామాన్లలా కనిపిస్తాయి. వాటిని చేసిన చేతులు మాత్రం కూలి చేతులే. 16 పాళ్ళ జింకుకు ఒక పాలు రాగి కలిపి పోత పోస్తారు. ఆకురాయితో అరగదీస్తారు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్ళు పూసి పైభాగాన్ని కాసేపు నల్లబరుస్తారు, గీత కనబడాలి కదా. సన్నటి ఉలితో నేరుగా చేత్తోనే లతలు, పూలు గీస్తారు. గీసినచోట గాడి తవ్వి, వెండి తీగను అందులో పెట్టి సుత్తితో కూరతారు. మళ్ళీ అరగదీస్తారు. ఇంతవరకూ వెండీ లోహమూ ఒకే బూడిదరంగులో కలిసిపోయి ఉంటాయి, పనితనం ఏమీ కనబడదు. చివర్న బీదరు కోటలోంచి తెచ్చిన మట్టిని నవాసారంతో (అమ్మోనియం క్లోరైడ్) కలిపి, ఆ ద్రావణంలో వేడివేడిగా ముంచి రుద్దుతారు. జింకు కలిసిన లోహం నల్లగా మారిపోతుంది. వెండికి ఏమీ కాదు. అన్ని రోజుల పని ఒక్కసారిగా బయటపడుతుంది.

ఆ ఒక్క నిమిషం పిల్లలు కళ్ళారా చూడాలి. వేసవిలో వారానికి ఒకరోజు బిద్రీ పనివాణ్ణి పిలవండి. బీదరులోనే కాదు, హైదరాబాద్‌లోనూ ఆ పని తెలిసినవాళ్ళు ఉన్నారు. ఆమ్లాలు, మంటలు గ్యాలరీలోకి తీసుకురావడం కుదరదని తెలుసు. గాడి తవ్వడం, తీగ కూరడం గ్యాలరీ పక్కన వరండాలో చూపించవచ్చు, నల్లబరిచే పని బయట ఆవరణలో పెట్టవచ్చు. పని అయిన వెంటనే పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళి పాత హుక్కా పాత్ర ముందు నిలబెట్టండి. సైన్సు మాస్టారు చెప్పలేకపోయిన రసాయనశాస్త్రం అక్కడ అర్థమవుతుంది. ఒక షరతు కూడా ఉంది: ఆ పనివాడికి రోజు కూలి కాకుండా నిపుణుడికి ఇచ్చే పారితోషికం ఇవ్వండి, వేదిక మీద ఆయన పేరు చెప్పండి. పాత వస్తువు చేసినవాడి పేరు మనకు దక్కలేదు. ఇప్పుడు చేసేవాడి పేరైనా పిల్లలకు తెలియాలి.

ఛత్తాబజార్ మీ మ్యూజియానికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. ఉర్దూ రాతగాళ్ళ వీధి అది. కంప్యూటర్ అక్షరాలు వచ్చాక వాళ్ళకు పని తగ్గిపోయింది, చాలామంది పెళ్ళి కార్డుల అచ్చుతో నెట్టుకొస్తున్నారు. మీ దగ్గర యాఖూత్ అల్ ముస్తాసిమి చేతిరాత ఖురాన్ ఉంది. జహంగీరు, షాజహాను, ఔరంగజేబుల ముద్రలు, సంతకాలు దాని మీద ఉన్నాయి. ఆ రాత గొప్పతనం ఉర్దూ, అరబ్బీ రాని మా నల్లగొండ పిల్లలకు ఎలా తెలుస్తుంది? ఒక రాతగాణ్ణి ఛత్తాబజార్ నుంచి పిలిచి, ఏటవాలుగా కోసిన వెదురు కలం పిల్లల చేతికి ఇప్పించి, వాళ్ళ పేరే ఆ లిపిలో రాయించండి. కలం ఏ వాలులో పడితే గీత లావవుతుందో, ఎక్కడ సన్నబడుతుందో చేతికి తెలిసిన పిల్ల ఆ తర్వాత రాతప్రతుల గ్యాలరీలో ఒక్క పేజీ ముందైనా నిలబడుతుంది. దారుల్‌షిఫా, నూర్‌ఖాన్ బజార్, మీర్ ఆలం మండీ పిల్లలు అప్పుడు మా పిల్లలకు చదివి వినిపిస్తారు. మీ మ్యూజియం గోడల పక్కనే పుట్టి పెరిగిన పిల్లలు వాళ్ళు. వేసవి కార్యక్రమాల మొదటి పిలుపు వాళ్ళకు వెళ్ళాలి, ఇల్లిల్లూ తిరిగైనా సరే.

జిల్లాల పిల్లలకు తమ ఊరు కనిపించే చోట్లు కూడా మీ దగ్గర ఉన్నాయి. రాతి శిల్పాల్లో నేలకొండపల్లి బుద్ధుడు ఉన్నాడు. ఖమ్మం పిల్లలకు నేలకొండపల్లి అంటే రామదాసు పుట్టిన ఊరు. అంతకు ముందు వందల ఏళ్ళ కిందట అక్కడ బౌద్ధులు ఉండేవారని బడిలో విని ఉండవచ్చు, కానీ ఆ బొమ్మ ఎదుట నిలబడి వినడం వేరు. మా సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్ళాయి. వాటిని చూసి అక్కడివాళ్ళు ఆశ్చర్యపోయారని పేపర్లో చదువుకుని సంతోషించాం. మన పిల్లల్ని కూడా అంత శ్రద్ధగా కూర్చోబెట్టి చెప్పుకుంటే ఆ సంతోషం రెట్టింపవుతుంది.

ఇంతమంది చెప్పేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు? జీతాల మీద నియమించమని నేను అడగడం లేదు, అడిగినా ఒక వేసవిలో జరిగేది కాదు. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో స్వచ్ఛందంగా వచ్చి సందర్శకులను తిప్పి చూపించేవాళ్ళున్నారు, పథప్రదర్శక్ అని పిలుస్తారు. హైదరాబాద్‌లో అలాంటివాళ్ళకు కరువు లేదు. మాసాబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కళావిభాగం ఉంది, ఉస్మానియాలో చరిత్ర, పురావస్తు విద్యార్థులున్నారు, ఉర్దూకు మౌలానా ఆజాద్ యూనివర్సిటీ ఉంది. రిటైరైన డ్రాయింగ్ మాస్టార్లు, సోషల్ టీచర్లు జిల్లాకు ఎందరో. ఏప్రిల్ మొదట్లో మీ క్యూరేటర్లు మాకు శిక్షణ ఇస్తే చాలు. తప్పులు చెప్పకుండా, తెలియనిది తెలియదని చెప్పడం ఆ శిక్షణలో మొదటి పాఠం కావాలి. మ్యూజియాల్లో కట్టుకథలు చెప్పి చప్పట్లు కొట్టించుకునే గైడ్లను అందరం చూశాం.

ఆ శిక్షణలో మీ గ్యాలరీ అటెండర్లను కూడా కూర్చోబెట్టండి. రోజంతా ఆ వస్తువుల పక్కన నిలబడేది వాళ్ళే. సందర్శకుడు మొదట అడిగేది వాళ్ళనే. ఏ బొమ్మ దగ్గర పిల్లలు నవ్వుతారో, ఏది దాటేసిపోతారో వాళ్ళకు తెలిసినంత ఏ క్యూరేటర్‌కూ తెలియదు. ఒకసారి వేరే ఊళ్ళో ఒక మ్యూజియంలో మా పిల్లలు కింద కూర్చుని బొమ్మ గీసుకుంటుంటే అక్కడి గార్డు "లేవండి, కదలండి" అని తరిమాడు. ఆయన తప్పేం లేదు. కదిలించడమే నీ పని అని ఆయనకు చెప్పి ఉంటారు. ఆగినవాళ్ళను ఆగనివ్వడం కూడా ఉద్యోగంలో భాగమేనని మీ సిబ్బందికి మీరు చెప్పాలి.

గీసుకోవడం గురించి నా వృత్తిరీత్యా గట్టిగా అడుగుతున్నాను. పెన్సిలు, అట్ట, తెల్లకాగితం, మడిచే చిన్న స్టూలు లోపల ఇవ్వండి. రంగులు వద్దు, వస్తువులకు ప్రమాదం. అరగంట కూర్చుని ఒక హుక్కా పాత్ర మెడ వంపు గీసిన పిల్లవాడు ఆ వంపును మరచిపోడు, బొమ్మ బాగా రాకపోయినా సరే. ఫోను పైకెత్తి ఫొటో తీసి నడిచిపోయినవాడికి ఆ వంపు ఎప్పటికీ కనబడదు. వేసవిలో పిల్లలకు కళాశిబిరాలు నడిపిన అనుభవం మీ సంస్థకు ఉంది. వాటిలో పోటీలు, బహుమతులు తగ్గించమని నా మనవి. మూడో బహుమతి రాని పిల్ల ఏడుస్తూ ఇంటికి వెళ్ళి మళ్ళీ పెన్సిలు ముట్టని సంగతి మా బడుల్లో ఎన్నోసార్లు చూశాం. తల్లిదండ్రులకు సర్టిఫికెట్ మీద ఆశ ఉంటుంది, ఒప్పుకుంటాను. వచ్చినవాళ్ళందరికీ ఒకటే ఇవ్వండి, మొదటి ర్యాంకు, రెండో ర్యాంకు లేకుండా.

తాత్కాలిక ప్రదర్శనలు పెట్టినప్పుడు వారానికి ఒకసారైనా వాటిని ఏర్పాటు చేసిన క్యూరేటర్ స్వయంగా జనంతో నడవాలి. ఏ వస్తువు పక్కన ఏది ఎందుకు పెట్టారో, ఏది పెట్టాలనుకుని వదిలేశారో చెప్పాలి. మీ సంరక్షణ ప్రయోగశాల తలుపు కూడా నెలకు ఒకరోజు తెరవండి. పాత కాగితాన్ని ఎలా శుభ్రం చేస్తారు, పురుగు తిన్నచోట ఎలా అతుకు వేస్తారు, గ్యాలరీలో వెలుతురు ఎందుకు తగ్గించి పెడతారు? ఇవి పిల్లలకు ఆటబొమ్మలకన్నా ఆసక్తిగా ఉంటాయి. ఫ్లాష్ ఎందుకు వద్దంటారో ఒక్కసారి అక్కడ చూస్తే మళ్ళీ బోర్డు పెట్టాల్సిన అవసరం రాదు.

కళ్ళు కనబడని పిల్లల కోసం ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ముట్టుకుని చూసే నమూనాల గ్యాలరీ ఉంది, అనుభవ్ అని దాని పేరు. మీ దగ్గర రెబెక్కా మొహానికి ఒక నమూనా, బిద్రీ పళ్ళేనికి ఒక నమూనా, నటరాజు కంచు బొమ్మకు ఒక నమూనా చేయించి, అంధుల పాఠశాలల పిల్లల్ని ఆహ్వానించండి. ముసుగు కింద ముక్కు ఎక్కడుందో వేళ్ళతో వెతికిన పిల్లకు ఆ శిల్పి పనితనం మనకన్నా బాగా తెలుస్తుందేమో. చెవులు వినబడనివాళ్ళకు సైగల భాషలో చెప్పేవారిని కూడా కనీసం ఆదివారాల్లో ఏర్పాటు చేయండి.

వేళల విషయం. మే నెల ఎండల్లో హైదరాబాద్ 40 డిగ్రీలు దాటుతుంది. లాడ్‌బజార్‌లో లక్కగాజులు చేసేవాళ్ళు, మదీనా, పత్తర్‌గట్టీ దుకాణాల్లో పనిచేసేవాళ్ళు పగలు రాలేరు. శుక్రవారం మీకు సెలవు. వేసవిలో కనీసం శనివారాలు రాత్రి ఎనిమిదింటిదాకా తెరిచి ఉంచగలిగితే దుకాణం కట్టేసి పెళ్ళాం పిల్లలతో వస్తారు. ఆ సాయంత్రాలు మూడో సాలార్‌జంగ్ గురించే మాట్లాడవచ్చు. ఇరవైల్లోనే నిజాం దివానుగా పనిచేసి, 1914లో ఆ పదవి వదులుకుని, మిగతా జీవితమంతా వస్తువులు సేకరించిన మీర్ యూసుఫ్ అలీఖాన్ ఎవరో, పెళ్ళి చేసుకోని ఆ మనిషి 1949లో పోయాక ఆయన ఇంటి సామాను అందరి సొత్తు ఎలా అయిందో పాతబస్తీలో ఇప్పటి పిల్లలకు ఎంతమందికి తెలుసు? 1951 డిసెంబర్ 16న నెహ్రూ, సాలార్‌జంగ్‌ల పాత నివాసమైన దివాన్ దేవడీలో మ్యూజియం తెరిచారు, 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది. ఈ కథ చెప్పడానికి దివాన్ దేవడీ ఉన్న చోటి నుంచి మ్యూజియం దాకా పొద్దుగూకేవేళ ఒక నడక పెట్టుకున్నా బాగుంటుంది.

ఇవన్నీ ఒకే వేసవిలో చేయమనను. మొదటి ఏడు నాలుగు వస్తువులు, రెండు భాషలు, ఇరవైమంది స్వచ్ఛంద మార్గదర్శకులు చాలు. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవానికి మొదలుపెట్టి బడులు తెరిచేదాకా నడపండి. ప్రతి పావుగంట తర్వాత వచ్చినవాళ్ళను ఒకటే అడిగి రాసుకోండి: ఇంటికి వెళ్ళి ఎవరికి ఏం చెబుతారు? ఆ కాగితాలు చూసి రెండో ఏడు ఏం పెంచాలో, ఏం మానాలో మీరే తేల్చుకోవచ్చు.

స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళ కోసం మీరు ప్రకటన ఇస్తే మా జిల్లా నుంచి రిటైరైన డ్రాయింగ్ మాస్టార్లను పోగుచేసే బాధ్యత నాది. బస్సు చార్జీలు మేమే పెట్టుకుంటాం, బస మేమే చూసుకుంటాం. బిద్రీ గ్యాలరీ దగ్గర ఎవరూ ఒప్పుకోకపోతే ఆ చోటు నాకివ్వండి.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు